సామాన్ల బోగీ తగలబెట్టిన పిల్లవాడు

మేముండే ఊరి పేరు ఎడిసన్. న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లకి ఈ ఊరి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పోయిన నెల మా అమ్మాయిని బళ్లో ఎవరైనా ప్రసిద్ధుల జీవితకథ చదివి రాసుకురమ్మన్నారు. ఊరి పేరే ఉంది కదా అని థామస్ ఎడిసన్‌ని ఎంచుకుంది. రాత్రి అన్నాలయ్యాక పక్కన కూర్చుని చదివిస్తుంటే రైలు కథ వచ్చింది. ఒంగోల్లో మేమూ చదువుకున్న కథే. పోర్ట్ హ్యూరన్ నుంచి డెట్రాయిట్ వెళ్లే రైల్లో పేపర్లూ మిఠాయిలూ అమ్ముకునే కుర్రాడు సామాన్ల బోగీలో ఓ మూల సీసాలు సర్దుకుని ప్రయోగాలు చేసేవాడు. ఓ రోజు భాస్వరం కింద పడి బోగీ అంటుకుంది. రైలు గార్డు మండిపడి, కుర్రాణ్ణీ సీసాలనీ కలిపి ప్లాట్‌ఫారం మీదికి దింపేశాడు.

చదవడం ఆపి నా మొహంలోకి చూసింది. "అమ్మా, ట్రైన్ తగలబెట్టినా పోలీసులు పట్టుకోలేదా?"

ఆ కథ నేను కనీసం పదిసార్లు చదివి ఉంటాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. చదివిన ప్రతిసారీ ఆ కుర్రాడి తరఫునే ఉన్నాను, గార్డు మీదే కోపం తెచ్చుకున్నాను. ఆ రాత్రి దానికి సరైన జవాబు చెప్పలేక, "అప్పట్లో అంతేనమ్మా" అని పడుకోబెట్టాను. తర్వాత అలమారులోంచి రెబెకా ఆనియన్ పుస్తకం తీశాను. ఎప్పుడో చదివి పక్కన పెట్టిన పుస్తకం. పేరు 'ఇన్నోసెంట్ ఎక్స్‌పెరిమెంట్స్'. 2016లో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయ ప్రెస్ వేసింది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో పిల్లలకి సైన్సుని ఎవరు, ఎందుకు, ఎలా అందించారన్నది విషయం. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు అందులో ఉంటుందని గుర్తుంది కానీ, ఎంత దగ్గరగా ఉంటుందో మర్చిపోయాను.

రెండు దారుల మధ్య

ఆనియన్ ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో అమెరికన్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేశారు. ఆ తర్వాత ఆమె పేరు ఎక్కువమందికి తెలిసింది 'స్లేట్' పత్రిక వల్ల. అక్కడ 'ద వాల్ట్' అని ఒక చరిత్ర బ్లాగు నడిపారు. పద్ధతి చాలా సులువుగా కనిపిస్తుంది. ఏదో ఒక ఆర్కైవ్‌లోంచి ఒక పాత కాగితం బయటికి తీయడం, ఒక ఉత్తరమో పటమో ప్రకటనో, దాన్ని అలాగే చూపించి అది ఎక్కడిది, ఎవరు రాశారు, ఎందుకు పట్టించుకోవాలి అన్నది నాలుగు పేరాల్లో చెప్పడం. 2015లో అక్కడి తోటి పాత్రికేయుడు జమెల్ బూయీతో కలిసి అమెరికా బానిసత్వ చరిత్ర మీద పాడ్‌కాస్ట్ చేశారు. ఇలా జనం మధ్య చేసే పనిని అమెరికాలో పబ్లిక్ హిస్టరీ అంటారు. మ్యూజియాలు, పార్కులు, పత్రికలు, రేడియో, అన్నీ అందులోకే వస్తాయి. విశ్వవిద్యాలయంలో ఉండేవాళ్లలో చాలామందికి అది రెండో రకం పని.

ఆ రెండో రకం అన్న మాట మీదే నా గొడవంతా. మిగతా చరిత్రల సంగతి నేను మాట్లాడలేను. బాల్యం గురించిన చరిత్ర మాత్రం అలా జనంలోకి రాకపోతే సగమే పుట్టినట్టు అని నేను అనుకుంటున్నాను. పన్నుల చరిత్రో ఓడరేవుల చరిత్రో పది మంది పండితులు చదివి వాదించుకుంటే దాని పని చాలావరకు అయినట్టే. పిల్లల చరిత్ర విషయంలో అలా కాదు. అందులో నిర్ణయాలు తీసుకునేది తల్లిదండ్రులు, టీచర్లు, పుట్టినరోజుకి బొమ్మ కొనడానికి షాపుకెళ్లిన మేనత్త. ఎవరికి ఏ డబ్బా కొనాలో, ఎవరు పాడుచేస్తే నవ్వాలో ఎవరు పాడుచేస్తే కేకలెయ్యాలో రోజూ తేల్చేది వాళ్లు. అలా తేల్చడం ఎక్కడ నేర్చుకున్నారో వాళ్లకే తెలియదు. నాకూ తెలియలేదు.

గడియారం, రేడియో

మా అన్నయ్య ఆరో తరగతిలో ఉండగా ఇంట్లో రేడియో విప్పేశాడు. మళ్లీ బిగించలేకపోయాడు. నాన్న కోప్పడ్డట్టే కోప్పడి, సాయంత్రం ఇంటికొచ్చిన వాళ్లందరికీ "మావాడు రేడియో మొత్తం విప్పేశాడండీ" అని చెప్పుకున్నారు. ఆ గొంతులో ఉన్నది ఫిర్యాదు కాదు. రెండేళ్ల తర్వాత నేను అలారం గడియారం విప్పాను. స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది. అమ్మ "ఆడపిల్లవి, నీకెందుకే ఈ పనులు" అంది. నాన్న ఒక్క మాటా అనలేదు, స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి అటక మీద పెట్టారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నన్ను ఇంజనీరింగ్ చదివించింది వాళ్లే, ఫీజుకి పొలం తాకట్టు పెట్టింది వాళ్లే. కానీ ఆ స్క్రూడ్రైవర్ అటకెక్కడం నాకు నలభై ఏళ్లు దాటినా కళ్లకి కట్టినట్టుంటుంది.

చాలాకాలం ఇది మన ఊళ్ల సంగతి, మన ఇళ్ల సంగతి అనుకున్నాను. అమెరికాలో పిల్లలకి అలాంటి కట్టుబాట్లు లేవనీ, అందుకే ఇక్కడ సైన్సు ఇంత పెరిగిందనీ నమ్మాను. ఆనియన్ పుస్తకం నాలో కదిలించింది ఆ నమ్మకాన్నే.

పిల్లలు ఇంట్లో ప్రయోగాలు చేసుకునే కెమిస్ట్రీ సెట్ల అధ్యాయమే తీసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇలాంటి సెట్లు అమెరికాకి ఇంగ్లండ్ నుంచీ జర్మనీ నుంచీ వచ్చేవి. యుద్ధంతో అవి ఆగిపోయాయి. మేరీలాండ్‌లోని హేగర్స్‌టౌన్‌లో పోర్టర్ కెమికల్ కంపెనీ 'కెమ్‌క్రాఫ్ట్' సెట్లు అమ్మింది. ఇనప ముక్కల 'ఎరెక్టర్ సెట్'తో 1913లో పేరు తెచ్చుకున్న ఏ.సీ. గిల్బర్ట్ కూడా న్యూ హేవెన్‌లో కెమిస్ట్రీ సెట్లు మొదలుపెట్టాడు. ఈ గిల్బర్ట్ 1908 ఒలింపిక్స్‌లో పోల్ వాల్ట్‌లో స్వర్ణం గెలిచినవాడు. 1918లో యుద్ధం పేరు చెప్పి బొమ్మల తయారీ ఆపాలని ప్రభుత్వంలో ఆలోచన వస్తే, వాషింగ్టన్‌కి బొమ్మలే పట్టుకెళ్లి పెద్దమనుషుల ముందు పరిచి ఆ ఆలోచన మాన్పించాడు. డబ్బాల మీద బొమ్మల్లోనూ ప్రకటనల్లోనూ ఉండేది అబ్బాయిలు. మీసాలు రాని చిన్న శాస్త్రవేత్తలు. దేశానికి కెమిస్టులు కావాలన్న కంగారు ఒకపక్క, మగపిల్లాడు సహజంగానే తుంటరివాడు, ఆ తుంటరితనమే రేపటి విజ్ఞానం అన్న భరోసా మరోపక్క.

1950లో గిల్బర్ట్ కంపెనీ ఒక అణుశక్తి ప్రయోగశాల సెట్ తెచ్చింది. అందులో నిజమైన యురేనియం ఖనిజం ముక్కలున్నాయి, రేడియేషన్‌ని పసిగట్టే గైగర్ కౌంటర్ ఉంది. ధర 49.50 డాలర్లు, అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. అదే కంపెనీ 1950ల చివర్లో అమ్మాయిల కోసం ఒక సెట్ తెచ్చింది. గులాబీ రంగు డబ్బా. మీద రాసిన మాట 'ల్యాబ్ టెక్నీషియన్'. దాని ఫొటో మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. లోపలున్నది మైక్రోస్కోపే, పనికిరాని వస్తువేం కాదు. అమ్మాయిల్ని ప్రయోగశాల లోపలికైతే రానిచ్చారు. అక్కడ చేరుకోగల కుర్చీ ఏదో మాత్రం డబ్బా మీదే అచ్చువేసి ఇచ్చారు.

మా అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజుకి వచ్చిన వాటిలో రెండు 'ల్యాబ్'లున్నాయి. ఒకటి సబ్బులు చేసుకునేది, ఇంకోటి పెదాలకి రాసుకునే లిప్ బామ్ చేసుకునేది. రెండూ గులాబీ రంగువే. అదే నెలలో పుట్టినరోజైన పక్కింటి బాబుకి అగ్నిపర్వతం, కరెంటు సర్క్యూట్లు, స్ఫటికాలు పెంచుకునే కిట్ వచ్చాయి. తెచ్చినవాళ్లు నాకెంతో ఇష్టమైనవాళ్లే, నేనూ వేరే ఇళ్లకి అలాగే కొనుక్కెళ్లాను. సబ్బు చేయడంలో కెమిస్ట్రీ లేదని కాదు. మంచి కెమిస్ట్రీయే ఉంది. కానీ ఆ డబ్బాలో తప్పు జరగడానికి చోటు లేదు. అచ్చులో పోస్తే పువ్వు ఆకారంలో సబ్బు రావాల్సిందే.

క్షమించేది ఎవరిని?

మా అమ్మాయి ప్రశ్నకి మళ్లీ వస్తాను. ఎడిసన్‌ని పోలీసులు ఎందుకు పట్టుకోలేదు?

2015 సెప్టెంబరులో టెక్సస్‌లోని అర్వింగ్‌లో 14 ఏళ్ల ముస్లిం కుర్రాడు తను బిగించిన గడియారాన్ని టీచరుకి చూపిద్దామని బడికి తీసుకెళ్తే, బాంబులా ఉందని చేతులకి బేడీలు వేసి తీసుకెళ్లారు. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలెన్నో ఉన్న ఊరు అర్వింగ్. ఆ వారం మా బంధువుల ఫోన్లన్నీ దాని గురించే. అంతకు రెండేళ్ల ముందు ఫ్లోరిడాలో 16 ఏళ్ల నల్లజాతి అమ్మాయి బడి ఆవరణలో బాత్రూం క్లీనరూ అల్యూమినియం రేకూ సీసాలో కలిపితే టప్పుమని మూత ఎగిరి పొగ వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ పిల్లనీ అరెస్టు చేశారు. తర్వాత కేసు ఎత్తేశారు.

ఈ మూడు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే నాకు ఆనియన్ పుస్తకం పేరులోని 'ఇన్నోసెంట్' అన్న మాట బరువు తెలిసింది. అమాయకత్వం ప్రతి పిల్లకీ పుట్టుకతో వచ్చేదని మనం అనుకుంటాం. ఆచరణలో అది పెద్దవాళ్లు కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వని అనుమతి. బోగీ కాలినా "పిల్లాడు ప్రయోగం చేశాడు" అనిపించుకోవాలంటే ఆ అనుమతి ఉండాలి.

పుస్తకంలో ఇంకో మలుపు నన్ను బాగా పట్టుకుంది. హిరోషిమా తర్వాత సైన్సు మీదే మచ్చ పడింది. అప్పుడు పిల్లల కుతూహలం సైన్సుని కడిగిపెట్టే నీళ్లలా పనికొచ్చిందని నేను అర్థం చేసుకున్నాను. ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ జీవితం చూడండి. భౌతిక శాస్త్రవేత్త. అణుబాంబు ప్రాజెక్టులో దాన్ని నడిపించిన అన్న రాబర్ట్‌తో పాటు పనిచేశాడు. ఒకప్పటి కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం బయటపడి 1949లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోయింది. కొలరాడోలో పశువులు పెంచుకుని, ఊరి హైస్కూల్లో పాఠాలు చెప్పి, 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో 'ఎక్స్‌ప్లొరటోరియం' అనే సైన్సు మ్యూజియం తెరిచాడు. అక్కడ తాకొద్దు అన్న బోర్డులుండవు. వచ్చినవాళ్లకి అన్నీ విడమరిచి చెప్పేది హైస్కూలు పిల్లలు. మేం రెండేళ్ల క్రితం వెళ్లాం. మా అమ్మాయి ఒక్కో బల్ల దగ్గరా అరగంట ఉండిపోయింది, నాకు కళ్లు చెమర్చాయి. నిజంగా గొప్ప చోటు. ఆ గొప్పతనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక నా దృష్టిలో తగ్గలేదు, ఇంకా పెరిగింది.

మన సంగతి కూడా ఇందులోనే కలిసి ఉంది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ పైకెళ్లాక, రష్యాకంటే వెనకబడ్డామన్న భయంతో మరుసటి ఏడాదే సైన్సు, గణితం, భాషల చదువులకి డబ్బు కుమ్మరిస్తూ అమెరికా చట్టం చేసింది. దేశానికి శాస్త్రవేత్తలు చాలడం లేదన్న ఆ బెంగ వాతావరణంలోనే 1965 వలస చట్టం వచ్చింది, చదువుకున్నవాళ్లకి, నైపుణ్యం ఉన్నవాళ్లకి ప్రాధాన్యం ఇచ్చింది. 1970ల్లో మిషిగన్ వచ్చిన మా పెదనాన్నగారు ఆ తలుపులోంచి వచ్చిన డాక్టరే. ఇక్కడి పిల్లాడి చేతికి కెమిస్ట్రీ సెట్ ఇచ్చిన కంగారూ మా పెదనాన్నగారి చేతికి వీసా ఇచ్చిన కంగారూ దగ్గరి చుట్టాలు. 1942లో వెస్టింగ్‌హౌస్ పేరుతో మొదలై, ఇంటెల్ చేతికి వెళ్లి, ఇప్పుడు రీజెనరాన్ పేరుతో జరిగే సైన్స్ టాలెంట్ సెర్చ్‌లో మన పిల్లల పేర్లు కనిపిస్తే వాట్సాప్‌లో పంచుకుంటాం. ఆ పోటీ ఎవరి భయంలోంచి పుట్టిందో ఒక్కసారైనా తెలుసుకుంటే, పిల్లల్ని మరీ అంత తోమకుండా ఉంటామేమో.

నన్ను ఆపే సందేహాలు

ఇంత చెప్పాక కూడా కొన్ని విషయాలు తేలడం లేదు.

మొదటిది తొందర. పత్రికలో రోజుకో కాగితం పెట్టే చరిత్రలో పొరపాటుకి చోటెక్కువ. 2013 జూన్‌లో ఆనియన్ 'ద వాల్ట్'లో లూయిజియానా 'అక్షరాస్యత పరీక్ష' ఒకటి పెట్టారు. ఒకప్పుడు నల్లజాతి వాళ్లు ఓటరుగా నమోదు కావాలంటే పది నిమిషాల్లో 30 ప్రశ్నలు, ఒక్కటి తప్పినా ఓటు లేదు. ఆ వారమే సుప్రీంకోర్టు, ఇలాంటి అడ్డంకులు తీసెయ్యడానికి వచ్చిన ఓటు హక్కుల చట్టంలో ముఖ్యమైన భాగాన్ని కొట్టేసింది. దాంతో ఆ కాగితం దేశమంతా తిరిగింది. ఆ తర్వాత అది నిజంగా ఎక్కడ, ఎంతవరకు వాడారన్న ప్రశ్నలొచ్చాయి. ఆమె ఊరుకోలేదు, దాని ఆనుపానులు వెతికి, తెలిసినవి మళ్లీ పాఠకుల ముందు పెట్టారు. కానీ మొదటి కాగితం చూసినవాళ్లలో ఎంతమంది రెండోది చూసి ఉంటారు? దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం నాకు నచ్చింది. విశ్వవిద్యాలయ పత్రికలో ఇలాంటి సవరణ ఏళ్ల తర్వాత ఫుట్‌నోట్‌లో వస్తుంది. ఇక్కడ వెతుకులాట కూడా అందరి కళ్ల ముందే జరిగింది. చరిత్ర ఎలా తయారవుతుందో మామూలు పాఠకుడు చూడగలిగాడు.

రెండోది బాధగా ఉంటుంది. 2008 తర్వాత అమెరికా విశ్వవిద్యాలయాల్లో చరిత్ర ఉద్యోగాల ప్రకటనలు బాగా పడిపోయాయి. "జనం కోసం రాయండి, అదీ గొప్ప పనే" అని నాలాంటివాళ్లు చప్పట్లు కొడితే, ఉద్యోగాలు తీసేసేవాళ్లకి అది మంచి సాకవుతుంది. పత్రికలు కూడా ఎన్నాళ్లుంటాయో తెలియదు. మా స్నేహితురాలు చరిత్రలో పీహెచ్‌డీ చేసి ఐదేళ్లు మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతూ పాఠాలు చెప్పింది, చివరికి మానేసింది. "పబ్లిక్ హిస్టరీ బాగుంటుంది, ముందు ఇన్సూరెన్స్ ఎవరిస్తారో చెప్పు" అంది. దాని మాట కొట్టెయ్యలేను. ఆర్కైవ్‌లో నెలల తరబడి కూర్చోవడానికి ఎవరో ఒకరు జీతం ఇవ్వాలి. ఆనియన్ రాసిన పుస్తకం కూడా ముందు విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనే. జనం మధ్య చేసే చరిత్రకి విత్తనం ఆ పొలంలోంచే వస్తోంది, పొలం ఎండబెట్టి గింజలు అడిగితే రావు.

మూడోది పుస్తకం మీదే. డబ్బాల మీద బొమ్మలు, ప్రకటనలు, మ్యూజియం నివేదికలు, ఇవన్నీ పెద్దవాళ్లవి. పిల్లలు నిజంగా ఏం చేశారో వాటిలో కొంచెమే కనిపిస్తుంది. పైగా కథ అంత సూటిగా కూడా లేదు. 1899లో తెరిచిన బ్రూక్లిన్ చిల్డ్రన్స్ మ్యూజియం పిల్లల కోసమే పెట్టిన మొట్టమొదటి మ్యూజియం. అన్నా బిలింగ్స్ గాలప్ 1902లో చేరి 1937 దాకా దాన్ని నడిపించారు. పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అమ్మాయిలూ వచ్చేవాళ్లు, సీతాకోకచిలుకల్నీ రాళ్లనీ చేతుల్లోకి తీసుకుని చూసేవాళ్లు. మరి దాతల ముందు గొప్పగా చెప్పుకోవాల్సి వచ్చేసరికి అక్కడ వైర్‌లెస్ రేడియో బిగించిన అబ్బాయిలే ఎందుకు ముందుకొచ్చారు? గులాబీ డబ్బా కొన్న ఇళ్లలో ఏ పిల్లో దాన్ని పక్కకి నెట్టి అన్నగారి కెమ్‌క్రాఫ్ట్ దొంగిలించి ఉండదా? నేను అటకెక్కి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఏ కాగితం మీదా లేదు.

పసుపు

మొన్న ఆదివారం వంటింట్లో మా అమ్మాయి పసుపు డబ్బా ఒలకబోసింది. తెల్ల గ్రానైటు నిండా పసుపు. నాకు కోపం నెత్తికెక్కింది, నోరు తెరిచాను కూడా. అంతలో అది గబగబా బట్టలుతికే సబ్బుతో తుడవబోయింది. మరక ఎర్రగా మారిపోయింది. సబ్బు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అమ్మా, బ్లడ్‌లా అయింది, వై?"

అప్పుడే అమ్మ ఒంగోలు నుంచి వీడియో కాల్‌లో ఉంది. అంతా విని, "పసుపులో సున్నం కలిపితే ఎర్రబడదుటే? పారాణి అలాగే చేస్తాం. పెళ్లిలో మీ అమ్మ కాళ్లకి పెట్టింది నేనే" అంది మనవరాలితో. ఆ మాట అమ్మ నోటి నుంచి నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాను. దాన్ని ఎవరూ ప్రయోగం అనలేదు, నేనూ అనుకోలేదు.

"అమ్మమ్మా, సున్నం బదులు నిమ్మకాయ వేస్తే?"

"ఏమో, నేనెప్పుడూ వెయ్యలేదు. వేసి చూడు."

నిమ్మరసం పిండింది. ఎర్రటి మరక మళ్లీ పసుపు రంగుకి తిరిగింది. ఆ తర్వాత గంటసేపు వంటింట్లో ఉన్నవన్నీ బయటికొచ్చాయి. వెనిగర్, సోడా ఉప్పు, చింతపండు గుజ్జు, డిష్‌వాషర్ పొడి. నేను గ్లవ్స్ తొడిగి, ఆ పొడి దగ్గర మాత్రం పక్కనే నిలబడ్డాను. గీతల పుస్తకంలో దేనికి ఏ రంగొచ్చిందో పట్టీ వేసుకుంది. అమ్మ ఫోను పెట్టెయ్యలేదు, అక్కడ రాత్రి పదకొండు దాటింది.

గ్రానైటు మీద సింకు పక్కన అరచేతి మందాన పసుపు మరక ఉండిపోయింది. బ్లీచ్ వేస్తే పోతుందేమో, ఇంకా వెయ్యలేదు.